యాకోబు కేసు చూడబోయి

మీలో ఎవరికైనా మార్కాపురం వైపు వెళ్లే పని ఉంటే ఫిబ్రవరి లోపే చూసుకోండి. తర్వాత ఎండ మనిషిని నిలబడనివ్వదు. నేను మార్చి మొదటివారంలో వెళ్లి మాడిపోయి వచ్చాను. గుళ్లూ కొండలూ చూద్దామని కాదు. ఒక మనిషి మీద పెట్టిన కేసు ఇంకా ఉందో లేదో చూసిరమ్మంటే వెళ్లాను.

ఆ మనిషి పేరు యాకోబు అనుకోండి. అతని ఊరి పేరు చెప్పను, మిగతా పేర్లు కూడా మార్చాను. ఎందుకు మార్చానో చివరికి మీకే తెలుస్తుంది.

నేను మస్కట్‌లో ఒక లేబర్ క్యాంపులో పదకొండేళ్లు స్టోర్ కీపరుగా చేసి, కిందటేడు రేపల్లె పక్కన మా ఊరు చేరుకున్నాను. యాకోబు ఆ క్యాంపు మెస్సులో గిన్నెలు తోముతాడు. ఊళ్లో ఉండగా ట్రాక్టరు తోలేవాడు. మిరపకోతలకు వెళ్లే ఆడకూలీలను రైలుకు చేరవేస్తుంటే ట్రాక్టరు తిరగబడి రూతమ్మ అనే ఆమె చనిపోయింది. యాకోబుకు లైసెన్సు లేదు. ట్రాక్టరు యజమాని "నీకు యావజ్జీవమేరా, పారిపో" అన్నాడట. అంతకు నెల ముందే గల్ఫ్ వీసా వచ్చి ఉంది. నాలుగో రోజున విమానమెక్కాడు. అది జరిగి తొమ్మిదేళ్ల పైమాటే. మస్కట్‌లో డ్రైవరుగా తీసుకుంటామని రెండుసార్లు అడిగినా స్టీరింగు ముట్టుకోలేదు.

అతని పక్క మంచం మీద ఆఫ్రికాలోని ఎరిత్రియా నుంచి వచ్చినవాడొకడు ఉండేవాడు. వాళ్ల దేశంలో కుర్రాళ్లను పటాలంలోకి లాక్కుంటారట, ఎప్పుడు వదులుతారో చెప్పరట. ఎడారి దాటి పారిపోయి వచ్చాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఒకే కంచంలో తినేవారు. "వానిది దేశం చేసిన తప్పు అన్నా, నాది నేను చేసిన తప్పు" అనేవాడు యాకోబు. మన దేశంలో బ్యాంకులను ముంచి పారిపోయిన పెద్దమనుషులుంటారు. వాళ్లకు విదేశంలో తోటలూ, లాయర్లూ, పుట్టినరోజు విందులూ. వాళ్లలో ఒక్కడైనా ఈ మాట అని ఉంటాడని నేననుకోను.

యాకోబు పాస్‌పోర్టు పదేళ్ల గడువు తీరబోతోంది. కొత్తదానికి పెట్టుకుంటే పోలీసు వెరిఫికేషను సొంతూరికి వెళ్తుంది. అతని భార్య సలోమి ఫోనులో ఎప్పుడూ ఒకటే మాట, "కేసు ఉంది, రాకు." నేను మస్కట్ వదిలే ముందు నోటిదూల కొద్దీ ఒక మాట అన్నాను: "ఇంత చిన్న కేసు ఇన్నేళ్లు ఉంటుందా యాకోబూ? నువ్వు రాకపోతేనే మీ ఆవిడకి బాగుందేమో చూసుకో." నవ్వుతూనే అన్నాను. అతను నవ్వలేదు. ఏడాది తిరక్కుండా మా ఇంటికి సలోమికివ్వమని ఒక పార్సిలు, వెనకే ఫోను వచ్చాయి. "నువ్వే పోయి చూసి రా అన్నా. కేసు ఉందంటే ఈడనే పడుంటా. లేదంటే తెల్లారే వచ్చేస్తా. నువ్వేం చెప్తే అదే నాకు." నా నోటి నుంచి వచ్చిన అనుమానం కాబట్టి, తీర్చే బాధ్యతా నాకే పడింది.

త్రిపురాంతకం: ఆగిన బస్సు

గుంటూరులో ఎక్కిన బస్సు వినుకొండ దాకా బుద్ధిగానే నడిచింది. త్రిపురాంతకం చేరేసరికి టైరు పోయింది. స్టెప్నీ టైరులోనూ గాలి లేదు. కండక్టరు మా అందరి మీదా విసుక్కున్నాడు, మేమే గాలి తీసేసినట్టు.

రోడ్డు పక్కన బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నాలుగు ఇరవై రూపాయలు. మా వైపు వాము పెట్టి కారం చంపేస్తారు, ఇక్కడ కాయను కాయలాగే వేయించి ఇచ్చారు. కళ్లనీళ్లు కారాయి. అటువైపు బస్సు కోసం పదిమంది ఆడవాళ్లు మూటల మీద కూర్చుని ఉన్నారు. అందులో ఒకామె నా అవస్థ చూసి చెంబుతో నీళ్లిచ్చి, తన మూట మీదే చోటు చూపించింది.

"యా ఊరు నాయనా మీది?"

చెప్పాను.

"ఓ, మీ దిక్కుకే పోతాండాం మేము, కాయలు కొయ్యనీకె. రెండు నెల్లు ఆడనే." చేతులు చాపి చూపించింది. వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. "పొద్దంతా కోసి మాపటికి మంట. మజ్జిగలో పెట్టుకుంటాం. అన్నం కలుపుకోను గరిటె కావాల."

మా ఊరికి ఏటా వచ్చేవాళ్లే వీళ్లు. మేం పడమటి కూలీలు అంటాం, పశువుల కొట్టంలో చోటిస్తాం, పేర్లు అడగం. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి నాకు, వాళ్లలో ఒకరితో కూర్చుని మాట్లాడటం అదే మొదలు. అదీ బస్సు చెడిపోబట్టి.

మార్కాపురం: ముద్దాయి ఎక్కడ

మార్కాపురం అంటే పలకలు. నేను ఒకటో తరగతిలో దిద్దిన పలక ఈ ఊరిదే అయి ఉంటుంది. ఇప్పుడు పలకలు అడిగేవాళ్లు తగ్గారట, ఆ రాయినే గచ్చుకూ గోడలకూ వాడుతున్నారు. పాత మమకారం కొద్దీ ఎనభై రూపాయలు పెట్టి చెక్క చట్రం ఉన్న పలక ఒకటి కొన్నాను. లాడ్జిలో సంచి దించేసరికి రెండు ముక్కలైంది.

మర్నాడు కోర్టు దగ్గర ఒక వకీలు గుమాస్తాను పట్టుకున్నాను. అరవై ఏళ్ల మనిషి, సుబ్బయ్య. యాకోబు రాసి పంపిన కేసు నంబరు చూసి, పాత రిజిస్టర్లు వెతికించి, మధ్యాహ్నానికి టీకొట్టు దగ్గరికి వచ్చాడు.

"ఇది ముగిసి ఏడేండ్లు దాటింది సార్."

నా గుండె తేలికపడింది. వెంటనే సలోమి మీద కోపమూ వచ్చింది. "అంటే కొట్టేశారా?"

"కొట్టేసేదేంది? ముద్దాయే లేకపోతే కేసు ఎవరి మీద నడుపుతారు? ఇంటోళ్లు డెత్ సర్టిఫికెట్ పెట్టినారు, కోర్టు మూసేసింది."

"ఎవరి డెత్ సర్టిఫికెట్?"

"ముద్దాయిది. యాకోబుది. ఉండింది ఒకడే గదా." నా మొహం చూసి టీగ్లాసు కింద పెట్టాడు. "మీకు బంధువా సార్? తెల్దా మీకు?"

ఆ పొద్దున్నే యాకోబు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: 'టిఫిన్ తిన్నావా అన్నా, ఎండగా ఉంటాది, తలకు గుడ్డ కట్టుకో' అని. అది నా జేబులోనే ఉంది. ఏదో దూరపు చుట్టమని బొంకి, అసలు ఆ కేసు ఎంతటిదని అడిగాను.

"మూడొందల నాలుగు ఏ సార్, అజాగ్రత్త వల్ల సావు. స్టేషన్ బెయిల్. ఇద్దరు జామీను నిలబడింటే ఆ పొద్దే ఇంటికి పోయేటోడు. లైసెన్స్ లేదంటారా, శానా అయితే ఇంగ కొన్ని నెల్లు. పారిపోయినాడు కాబట్టి వారెంటొచ్చె. ఉండింటే యాపొద్దో తేలిపోయేది. పిచ్చోడు, యాడికో పోయి యాడనో చచ్చినాడంట."

సాయంత్రానికల్లా స్టేషన్ బెయిలు దొరికే కేసుకు భయపడి సముద్రం దాటాడు. ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. అడిగే ధైర్యం అతనికి లేదు, చెప్పే అవసరం యజమానికి లేదు. ఆ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఎవర్ని తిట్టాలో తెలియక ముందు యజమానిని, తర్వాత యాకోబును, చివరికి సలోమిని తిట్టుకున్నాను. సలోమినే ఎక్కువ. బతికున్న మొగుణ్ని కాగితం మీద చంపేసి, ఫోనులో కేసు ఉంది రాకు అంటోందంటే ఇంకేం అనుకోవాలి? నేను మస్కట్‌లో అన్న మాటే నిజమైందని ఒక నీచమైన తృప్తి కూడా కలిగింది. దాచను.

కంభం: చెరువు చేప

కంభం చెరువును చెరువని ఎందుకంటారో నాకు తెలియదు. కాలవల పక్కన పుట్టినవాణ్ని, నీళ్లకు కళ్లు చెదరవు నాకు. అక్కడ మాత్రం గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డాను. కొండల మధ్య నీళ్లు, అవతలి గట్టు కనపడదు. చుట్టూ మైళ్ల కొద్దీ ఎండి బీటలు పడ్డ నేల చూసి వచ్చిన కళ్లకు అది నమ్మబుద్ధి కాదు.

ఊళ్లో మస్తాన్ అనే ఆయన నడిపే చిన్న హోటల్లో భోంచేశాను. ఇంట్లో వాళ్లతో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. అన్నం ఎనభై, వేయించిన చేపముక్క అరవై.

"చెరువు చేప సార్, పొద్దన్నే పట్టింది. ఐసు ముట్టలే. తినండి, ఇంగో ముక్క ఏస్తా."

మా వైపు చేపకు చింతపండు పులుసు పట్టిస్తాం. ఇక్కడ అల్లం, మిరియం, నిమ్మకాయ. మూడు ముక్కలు తిన్నాను. తింటూ సలోమితో ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. నలుగురిలో నిలబెట్టి అడగాలి, ఆ కాగితం ఎలా పుట్టిందో కక్కించాలి, యాకోబుకు అక్కణ్నుంచే ఫోను కలపాలి. ఏ ఊరికని మస్తాన్ అడిగితే అర్ధవీడు అవతలికి అన్నాను. తెలిసిన ఆటో అతన్ని మాట్లాడిపెట్టి, దారిలో నీళ్లు దొరకవని రెండు సీసాలు సంచిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అర్ధవీడు దాటాక

అర్ధవీడు దాటిన తర్వాత రోడ్డు గొర్రెలది. ఆటో వాటి వెనకే నడవాలి. నల్లమల కొండలు దగ్గరికొచ్చే కొద్దీ ఇళ్లు పలచబడతాయి. సగం ఇళ్లకు తాళాలు, అందరూ కోతలకు పోయారు.

యాకోబు ఊళ్లో చర్చి ముందొస్తుంది, దాని వెనకే సమాధుల దొడ్డి. ఎందుకో ఆటో అక్కడే ఆపించాను. మూడో వరసలో కనపడింది. మార్కాపురం నల్లరాయి, తెల్లరంగు అక్షరాలు. యాకోబు పేరు, తండ్రి పేరు, కింద 'ప్రభువునందు నిద్రించెను'. రాయి మీద బంతిపూలు ఇంకా వాడలేదు.

ఫోను తీసి ఫొటో తీయబోయాను. వెనక నుంచి ఎవరో, "తియ్యొద్దన్నా" అన్నారు.

నలభై ఏళ్ల మనిషి, వెలిసిపోయిన చీర, చేతులకు గాజుల్లేవు. నా భుజానికున్న పార్సిలు కేసి చూసింది. దాని మీద అరబ్బీ అక్షరాలున్నాయి.

"మస్కట్ అన్నవా? ఆయన పంపించినాడా?"

అవునన్నాను. ఆమే సలోమి. ఇంటికి తీసుకెళ్లింది. ముందు అన్నం అంది. జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి, నాకోసమని గుడ్డు. ఇక్కడ వచ్చినవాళ్లు తినేదాకా వచ్చిన పని అడగరు. మేం గుమ్మంలోనే అడుగుతాం. నేను తింటుండగా ఆమె ఎవరికో కబురంపింది. బక్కగా ఉన్న ఒకాయన వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అతను ఏలియా, ట్రాక్టరు కింద పడి చనిపోయిన రూతమ్మ భర్త. ఆయన్నెందుకు పిలిచిందో నాకు అర్థం కాలేదు.

చేయి కడిగాక అడిగాను. "ఆ సమాధిలో ఎవరమ్మా?"

సలోమి తల వంచుకోలేదు. సూటిగా చూస్తూ చెప్పింది.

"ఎవరో తెల్దన్నా. వారెంటొచ్చిన కాడ్నుంచి వాయిదా దగ్గరికొస్తే సాలు, మా మరిదిని పట్టకపోయి స్టేషన్లో కూచోబెడుతుండిరి. 'మీ అన్న యాడున్నాడో చెప్పు' అని. ఒగసారి మూడు దినాలు ఉంచుకున్యారు. వచ్చినాక వానికి కుడిచెవు వినపడల్యా. ఆ నెలలోనే కంభం చెరువులో శవం తేలింది. నాలుగు దినాలు నానింది, మొగం లేదు. మీ ఆయనేమో సూసుకో రమ్మని కబురొచ్చె. పోయినా. ఆయన కాదు. కాళ్లు సూస్తానే తెలిసిపాయ. 'ఈయనేనా?' అని ఎస్సై అడిగినాడు. పక్కన మా మరిది నిలబడినాడు, అడిగింది వినపడక నా దిక్కు సూస్తాండాడు. వాని చెవు సూసినా. 'ఈయనే సార్' అన్నా."

కంభంలో నేను తిన్నది ఆ చెరువు చేపే. నీళ్లు అడిగాను.

గడప దగ్గర ఏలియా మెల్లగా అందుకున్నాడు. "పంచనామాలో సంతకం నాది సార్. నేను గుర్తుపట్టినానని రాసిచ్చినా."

"నువ్వా? నీ భార్య చనిపోయిన కేసు కదా అది?"

"అందుకే సార్ నన్ను నమ్మినారు. కడుపు మండినోడు అబద్ధం చెప్పడు గదా అనుకున్యారు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వాయిదా అంటే మార్కాపురం పోవాల, కూలి పోవాల, మధ్యాన్నం దాకా నిలబెట్టి మళ్లా రమ్మంటారు. నా పెండ్లాం వాపసు వస్తాదా? యాకోబు కావాలని చేసినాడా? రోడ్డు అట్లుండె. సావు ఒగటైంది సాలు అనుకున్యా. ఆ పొద్దుతో అందరం నిమ్మళమైనాం."

"ఊళ్లో తెలుసా?"

"సగం మందికి తెలుసు. తెలిసినోళ్లు తెలియనట్లుంటారు" అంది సలోమి. ఏటా అదే తేదీన జ్ఞాపకార్థ కూడిక పెడుతుందట. పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు, ఊరికి అన్నం పెడుతుంది. "అందరూ ఈయన కోసం ఏడుస్తాననుకుంటారు. నేను వాని కోసమే ఏడుస్తానన్నా. వానికి గూడ పెండ్లాం ఉంటాది గదా. యాడనో కూచోని, వస్తాడు వస్తాడని సూస్తాంటాది. దానికి దక్కాల్సిన శవాన్ని నేను తెచ్చుకున్యా. అది తలుసుకుంటే అన్నం దిగదు."

నేను ఆమెను తిట్టడానికి వచ్చాను. మొహం ఎత్తలేకపోయాను.

పార్సిలు విప్పింది. ఖర్జూరాలు, పాలపొడి డబ్బా, అత్తరు సీసా, ఆకుపచ్చ చీర. చీరను ఒకసారి చెంపకు ఆనించుకుని, ట్రంకుపెట్టె తెరిచింది. లోపల అలాంటి చీరలే, ఒక్కటీ మడత విప్పలేదు. ఏటా ఎవరో ఒకరి చేత గిద్దలూరులో ఆమె చెల్లెలి ఇంటికి పంపేవాడట. ముండమోసిన మనిషి రంగుచీర కట్టి అత్తరు పూసుకుంటే ఊరేమంటుందన్న సంగతి అతనికి ఎలా తెలుస్తుంది? పెళ్లాం కడుతోందనే అనుకుంటున్నాడు. ఫోనులో అడిగితే బాగుందంటుంది.

"ఇదంతా అతనికి చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నిలబడడన్నా. మొండోడు. నేను బతికే ఉన్నానని తిన్నగా స్టేషనుకే పోతాడు. ఈయన బతికినాడంటే సంతకం పెట్టిన ఏలియన్న జైలుకు పోతాడు, గుర్తుపట్టిన నేను పోతా, సమాధిలో ఉన్నోన్ని మళ్లా తొవ్వుతారు." ట్రంకుపెట్టె మూసింది. "అయినా, నిన్ను పూడ్చిపెట్టినా అని మొగునితో ఏ నోటితో చెప్పేది?"

అప్పుడు పాస్‌పోర్టు సంగతి చెప్పాల్సి వచ్చింది. కొత్తది కావాలంటే పోలీసులు ఈ ఇంటికి వచ్చి యాకోబు ఎవరని అడుగుతారని. ఆమెకు ఇది తెలియదు. నేల మీద కూలబడింది. ఏలియా లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"పెట్టుకోకపోతే?" అంది.

"కాగితాల్లేని మనిషవుతాడు. దొరికేదాకా దాక్కోవాలి."

"దొరికితే?"

"ఇక్కడికే పంపేస్తారమ్మా."

"దొరికినప్పుడు సూస్తాం లేన్నా. దొరకనంత కాలం ఉండనీ. కేసు ఉందని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా." పట్టుకుంది కూడా. నేను ఏమీ ఒప్పుకోకుండానే ఆటో ఎక్కాను. ఏలియా ఊరి బయటదాకా వెంట నడిచి వచ్చాడు. "యాకోబు అన్నం బాగ తింటాడా సార్ ఆడ?" అని అడిగాడు. తింటాడని చెప్పాను.

గిద్దలూరు స్టేషన్

మర్నాడు మధ్యాహ్నం గిద్దలూరులో రైలు కోసం కూర్చున్నాను. రైలు గంటన్నర ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కట్టెలమోపుల్లాగా మనుషులు, మూటలు. పది రూపాయల టీ తాగుతూ, నిజం చెప్పడానికి ఒకసారి, అబద్ధం చెప్పడానికి ఒకసారి మాటలు సిద్ధం చేసుకున్నాను. నిజం చెప్పాలనే మనసు. అతని బతుకు అతనిది, చచ్చాడో లేదో తెలుసుకునే హక్కయినా అతనికి ఉండొద్దా? కానీ అన్న కోసం చెవి పోగొట్టుకున్న ఆ మరిది ముఖాన్ని నేను చూడకపోయినా, మాటమాటకూ అదే అడ్డం వచ్చింది.

ఫోను మోగింది. వెనక గిన్నెల చప్పుడు.

"అన్నా, పోయినావా? సూసినావా? కేసు ఉందా?"

నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "ఉంది యాకోబూ. గట్టిగానే ఉంది. కోర్టులో నేనే కనుక్కున్నా. నువ్వు రావొద్దు."

గిన్నెల చప్పుడు ఆగింది. ఏడుస్తాడేమోనని ఫోను చెవికి నొక్కి పెట్టుకున్నాను.

"అట్లనా" అన్నాడు. తర్వాత గొంతు మారింది. అంత సంతోషం అతని గొంతులో నేనెప్పుడూ వినలేదు. "అయితే సలోమి నిజమే చెప్తాంది గదన్నా! ఇన్నేండ్లూ నిజమే చెప్పింది. నేనే పాపిష్టోన్ని, దాన్ని అనుమానపడితి. నువ్వు పోబట్టి తెలిసింది. పాస్‌పోర్టు పోతే పోనీ, ఎట్లనో బతుకుతా. నేను అనుమానపడినట్లు దానికి మాత్రం తెలియనీయొద్దన్నా, ఏడుస్తాది."

చెప్పనన్నాను.

"చీర కట్టుకునిందా అన్నా? పచ్చది?"

కట్టుకుందని చెప్పాను.